చదివినట్టుగా భావించడమైనది

మైకు పెట్టె తెచ్చి హాల్లో దివాన్ మీద పెట్టుకున్నారు మా మామగారు. దాని మీద ఒక చెయ్యి వేసుకుని, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు కూర్చున్నారు. కాఫీ తాగలేదు. ఇడ్లీ ప్లేటు పెడితే పక్కకి జరిపేశారు.

"ఈ పెళ్ళికి నేను అధ్యక్షత వహించకూడదంటే ఇప్పుడే చెప్పండి. పెట్టె అటకెక్కిస్తాను. దాంతోపాటు నేనూ ఎక్కుతాను."

"మీరెక్కితే దింపాల్సింది నేనేగా నాన్నా! మోకాలి ఆపరేషనయి ఆర్నెల్లన్నా కాలేదు," అన్నారు మా ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. గురువారం పిల్ల పెళ్ళి పెట్టుకుని, తండ్రీ కొడుకులు కూర్చుని అటక గురించి మాట్లాడుకుంటున్నారు!

శుభలేఖ ఇంకా ప్రెస్సులోనే ఉంది. మా లిఖిత పేరుంది, అబ్బాయి శశాంక్ పేరుంది, భోజనాలెక్కడో ఉంది. 'అధ్యక్షులు' అన్న మాట పక్కన మాత్రం ఖాళీ. ప్రెస్సు మధుబాబు పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, ఆ ఖాళీలో ఎవర్ని కూర్చోబెట్టమంటావ్?" అన్నాడు. "నువ్వే కూర్చో," అని పెట్టేశాను.

మా ఇంట్లో పెళ్ళంటే సభ. పురోహితుడుండడు, హోమం ఉండదు. రిజిస్ట్రారాఫీసులో సంతకాలయ్యాక స్టేజీ, కుర్చీలు, మైకు. అధ్యక్షులవారి తొలిపలుకులు, ప్రమాణాలు, దండలు, వక్తల ఉపన్యాసాలు, చివర్న వందన సమర్పణ. మా తెనాలి నుంచి రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాకా ఇలాంటి దండల పెళ్ళిళ్ళు ఎన్ని చేయించారో మా మామగారు బసవపున్నయ్యగారికే గుర్తులేదు. ఊళ్ళో వెనకాల 'ఎర్ర పురోహితుడు' అంటారు. ఆయన చెవిన పడితే ఆ పూటంతా మండిపడతారు. నేను మాత్రం వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుంటాను.

నవ్వుకున్నా, ఒక సంగతి చెప్పాలి. పైన డాబా మీద ఇప్పుడు మైకు హారన్ కడుతున్న ఏసుబాబుకీ, మా వీధి చివరి టీచరు నాగజ్యోతికీ పెళ్ళంటే అప్పట్లో ఒక్క కల్యాణమండపం వాళ్ళు కూడా తాళం చెవి ఇవ్వలేదు. కులం వేరని. ఆ డాబా మీదే పెళ్ళి చేశారు మామగారు. చుట్టాలు చాలాకాలం మా గడప తొక్కలేదు. తొక్కకపోతే మాననీ అన్నారు. అది తలుచుకుంటే ఆయన మీద కోపం నిలవదు నాకు. ఈ పూట మాత్రం నిలిచింది.

మా ఆయన పేరు కృష్ణచైతన్య. 'చైతన్య' మామగారు పెట్టింది. ముందు కృష్ణుణ్ణి తగిలించింది వాళ్ళ నాయనమ్మట. మనిషి కూడా అలాగే తయారయ్యారు. కాలేజీలో ఎర్రజెండా పట్టుకుని తిరిగారు. వ్యాపారం పెట్టాక జెండా మడిచి బీరువాలో పెట్టారు. ఇప్పుడు అధికార పార్టీలో మా వార్డుకి పెద్ద. పెళ్ళికి అధ్యక్షులుగా ఎమ్మెల్యేగారిని పిలిచేశారు, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా.

"ఆయనకి మాటిచ్చాను నాన్నా. వస్తారు, పది నిమిషాలు మాట్లాడతారు, వెళ్తారు. మీరైతే గంటన్నర. జనం ఆకలితో చస్తారు."

"ఆయనకి ఏం సిద్ధాంతం ఉందని నా మనవరాలి పెళ్ళికి అధ్యక్షుడు? మొన్నటిదాకా ఒక కండువా, నిన్నటినుంచి ఇంకో కండువా!"

"కండువా రంగెందుకు? మన వీధిలో డ్రెయినేజి ఎవరు వేయించారు? మీ జెండా ఎగిరినన్నాళ్ళూ మోకాల్లోతు నీళ్ళలో బడికెళ్ళాను నేను."

"ఆ డ్రెయినేజి కావాలని మున్సిపాలిటీ ముందు పడుకున్నదెవరు? లాఠీ దెబ్బలు తిన్నదెవరు? అడిగింది మేము. రిబ్బను కత్తిరించింది మీరు."

"అడిగితే సరిపోతుందా? గెలవాలి కదా, వెయ్యడానికి!"

"గెలవడానికి ఎవరి కాళ్ళయినా పట్టుకుంటే, వేసిన డ్రెయినేజిలో మొదట కొట్టుకుపోయేది మనిషే."

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. అదే నా తలనొప్పి. ఒక్కళ్ళు అబద్ధమాడినా నోరు మూయించేదాన్ని. పిట్టలవానిపాలెంలో మా పుట్టింట్లో పొలాలుండేవి గానీ సిద్ధాంతాలుండేవి కావు. అక్కడ గొడవలు మధ్యాహ్నం భోజనాలకి సర్దుకునేవి. ఇక్కడి గొడవలకి భోజనం టైము లేదు.

అప్పుడు మెట్లు దిగొచ్చింది లిఖిత. గుంటూరు కోర్టులో జూనియర్ లాయరు. ఆదివారం పూట కూడా కోర్టుకెళ్తున్నంత గట్టిగా జడ బిగించుకుని ఉంది.

"తాతయ్యా, నాన్నా, ఇద్దరూ వినండి. ఇవాళ శశాంక్ వాళ్ళమ్మా నాన్నా వస్తున్నారు. సాయంత్రంలోపు అందరూ ఒక మాట మీదికి రండి. రాకపోతే గురువారం నేను రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళను. శశాంక్‌కి కూడా చెప్పేశాను."

"అంటే?" అన్నాను.

"అంటే పెళ్ళి లేదు. ఇప్పుడే నన్నిలా తలోవైపూ లాగుతుంటే, రేపు పెళ్ళయ్యాక ఎవరి పార్టీలో ఉండాలమ్మా నేను?"

దీని మొండితనం ఎవరి పోలికని అడిగితే ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోరు. కానీ అన్నదంటే చేస్తుంది. ఎవరు అధ్యక్షత వహిస్తే నాకేంటి? నా పిల్ల పెళ్ళి జరగాలి. అంతే.

వంటింట్లోకెళ్ళాను. మా అత్తగారు కుసుమకుమారిగారు పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతున్నారు. హాల్లో ప్రపంచం మునిగిపోతున్నా ఆవిడ చెయ్యి ఆగదు. ఈ ఇంట్లో మాట్లాడే పని మామగారిది, టీ పెట్టే పని అత్తగారిది. వచ్చిన ప్రతి కామ్రేడ్‌కీ ఏ టీ ఇష్టమో ఆవిడకి తెలుసు. ఆవిడకి ఏది ఇష్టమో ఎవరికీ తెలీదు.

"విన్నారా అత్తయ్యా, అదేమందో?"

"విన్నాను."

"మీరైనా మామయ్యగారికి చెప్పకూడదూ?"

"నన్నెవరూ అడగలేదుగా బిందూ," అన్నారు, కొబ్బరి చిప్ప తిప్పుకుంటూ.

*

బాపట్ల నుంచి ప్యాసింజరుకి దిగారు వియ్యాలవారు. ఉమామహేశ్వరరావుగారు సంస్కృతం మాష్టారుగా రిటైరయ్యారు. భార్య బాలాత్రిపురసుందరిగారు చేతిలో పూతరేకుల డబ్బా, మొహంలో బెదురు. వెనకాల శశాంక్. నిజాంపట్నంలో బ్యాంకు ఉద్యోగం. నెమ్మదస్తుడు. మా లిఖితని చూడగానే చూపు నేలకి దించేశాడు. అల్టిమేటం అతనికీ అందినట్టే ఉంది.

"బాబాయిగారూ," అని మామగారికి నమస్కారం పెట్టి, మైకు పెట్టె పక్కనే ఉన్న కాస్త జాగాలో కూర్చున్నారు మాష్టారు. "సూటిగా చెప్పేస్తాను. పిల్లలు ఇష్టపడ్డారు. నేను సరేనన్నాను. మా అన్నయ్య నాతో మాటలు మానేశాడు. పర్లేదు. హోమం వద్దన్నారు, వదిలేశాను. మంత్రాలు వద్దన్నారు, అదీ వదిలేశాను. ఒక దీపం పెట్టుకుని పిల్లలిద్దరి చేతా ఏడడుగులు వేయించండి. అదొక్కటి నాకు వదిలిపెట్టండి."

"పిల్లకి అర్థం కాని భాషలో ఏడడుగులు వేస్తే ఎంత, వెయ్యకపోతే ఎంత మాష్టారూ?" అన్నారు మామగారు.

"పోయినేడు మా బాపట్లలో ఒక పెళ్ళిలో తమరు 'అదనపు విలువ' మీద చాలాసేపు మాట్లాడారట. పెళ్ళికూతురికి అర్థమైందంటారా?"

మా ఆయన కిసుక్కున నవ్వారు. మామగారు కళ్ళెర్రజేశారు.

"అర్థం కావాల్సిన వాళ్ళకి అవుతుంది. కష్టపడేవాడి కష్టం ఎవడు తింటున్నాడో చెప్పాను. అందులో తప్పేముంది?"

"తప్పు లేదండి," అన్నారు బాలాత్రిపురసుందరిగారు భయం భయంగా. "పెళ్ళి ఎక్కడుందా అని..."

ఆవిడ నిజంగానే అడిగింది పాపం. అందరూ ఆవిడ వంక చూసేసరికి పూతరేకుల డబ్బా నా చేతిలో పెట్టేసింది.

"ఏంటండీ బావగారూ, ఈ రోజుల్లో కూడా ఇవన్నీ!" అందుకున్నారు మా ఆయన. "జనానికి కావాల్సింది రోడ్డు, ఉద్యోగం, పిల్లలకి మంచి కాలేజీ. ఎవరిస్తే వాళ్ళకి ఓటు. సిద్ధాంతాలు మా నాన్నగారితో, మీతో సరి. పెళ్ళి కూడా అంతే. నలుగురొచ్చారా, తృప్తిగా తిన్నారా, పెద్దమనిషొకరు దీవించారా. ఎమ్మెల్యేగారు వస్తే రేపు పిల్లలకి ఏదైనా పని పడినా..."

"అంటే ఆశీర్వచనం కాదు, సిఫార్సు," అంది లిఖిత.

"నువ్వూరుకో!"

"ఊరుకోను. అమ్మ అప్పటినుంచి చూస్తోంది, మీ నలుగురిలో ఒక్కరైనా మమ్మల్ని అడుగుతారా అని. శశాంక్, నువ్వు చెప్పు."

శశాంక్ గొంతు సవరించుకున్నాడు. "నాకు ఏ సిద్ధాంతమూ లేదండి. గొడవ లేకుండా అయిపోతే చాలు."

"గొడవ లేకుండా అంటే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాటే చెల్లాలనేగా! ఇది కూడా ఒక పక్క నిలబడ్డమే శశాంక్. నెగ్గేవాళ్ళ పక్క."

అతని మొహం మాడిపోయింది. నాకు జాలేసింది. అల్లుడు కాబోయేవాణ్ణి పట్టుకుని సాక్షిని నిలదీసినట్టు నిలదీస్తుంటే ఎవరికి జాలెయ్యదు? అయినా పిల్ల మాటలో తప్పు పట్టలేకపోయాను.

నేను లేచి ఫ్యాను పెంచాను.

మాష్టారే మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి గొంతు తగ్గించి. "బాబాయిగారూ, మీవైపు కుర్రాళ్ళు తగ్గిపోయారని మీ బాధ. నాకు తెలుసు. మావైపు పెరిగారని అందరూ అంటారు. కానీ వచ్చినవాళ్ళకి శ్లోకం రాదు, నినాదం వస్తుంది. ధర్మం అంటే ఏంట్రా అంటే ఎవణ్ణో ఒకణ్ణి వేలెత్తి చూపిస్తారు. మా ఇంటికొచ్చి, ఈ సంబంధం మానుకోమని నాకే చెప్పి వెళ్ళారు. జీవితమంతా చదువు చెప్పింది ఇందుకా అనిపించింది. నాకేదో సంబరంగా ఉందనుకోకండి."

మామగారు ఆయన వైపు తిరిగారు. మైకు పెట్టె మీది చెయ్యి తీసి మాష్టారి భుజం మీద వేశారు.

"మావాళ్ళకి నినాదం కూడా రావట్లేదు మాష్టారూ."

ఇద్దరూ నవ్వారు. పొద్దుట్నుంచి మా ఇంట్లో ఇద్దరు కలిసి నవ్వడం అదే మొదటిసారి. హమ్మయ్య, సర్దుకుంటుంది అనుకున్నాను. టీ తెమ్మని లోపలికి కేకేశాను. అనవసరంగా అనుకున్నాను.

"అయితే ఒకటి చెప్పండి," అన్నారు మాష్టారు ఉత్సాహంగా. "చర్చకే అడుగుతున్నాను. మా పద్ధతిలో ఏడో అడుగు పడితే పెళ్ళయినట్టు. అమ్మాయీ, మీ చట్టంలో ఎప్పుడమ్మా?"

"రిజిస్ట్రారు ముందు, ముగ్గురు సాక్షుల ముందు, ఇద్దరం ఎవరికి వాళ్ళం నోటితో చెప్పాలండీ, నిన్ను స్వీకరిస్తున్నానని," అంది లిఖిత.

"బావుంది. మరి మీ పద్ధతిలో బాబాయిగారూ? దండలు మార్చుకుంటేనా? చప్పట్లు కొడితేనా?"

మామగారికి ఈ ప్రశ్న చాలు. దివాన్ మీద నుంచి లేచి నిలబడ్డారు. గొంతు సభలో గొంతైపోయింది.

"దండలు అలంకారం మాష్టారూ! చప్పట్లు మర్యాద. సభ ముందు నిలబడి ఇద్దరూ తమ నోటితో ప్రమాణం చెప్పినప్పుడే మాకు పెళ్ళి. ఒకరు చెప్పి ఒకరు చెప్పకపోతే అది పెళ్ళి కాదు, నిర్బంధం. స్త్రీ నోరు విప్పని పెళ్ళి మా దృష్టిలో పెళ్ళే కాదు! ఇది నేను ప్రతి సభలోనూ చెప్తాను."

"అలాగైతే మన పెళ్ళి అవలేదండి."

వంటింటి గుమ్మంలో టీ ట్రే పట్టుకుని నిలబడి ఉన్నారు మా అత్తగారు.

*

ముందు ఎవరికీ అర్థం కాలేదు. మామగారైతే వెనక్కి తిరిగి, "ఏంటి?" అన్నారు, ఉపన్యాసం మధ్యలో ఎవరో చీటీ అందించినట్టు.

అత్తగారు ట్రే బల్ల మీద పెట్టారు. ఒక్కొక్కరికీ టీ అందించారు. మాష్టారికి పంచదార తక్కువ. మా ఆయనకి అల్లం. అందరికీ ఇచ్చాక కొంగుతో చెయ్యి తుడుచుకుని, నిలబడే చెప్పారు.

"రేపల్లెలో మన పెళ్ళి. గుర్తుందా? బడి ఆవరణలో పందిరి వేశారు. అధ్యక్షులు మా ఊరి పెద్దాయనే. ముఖ్య అతిథి తెనాలి నుంచి రావాలి. మీ పెద్ద నాయకుడు. ఆయన రావడమే పొద్దు వాటారాక వచ్చారు. వచ్చి అంతర్జాతీయ పరిస్థితి చెప్పారు."

"చెప్పారు, చెప్పారు," అన్నారు మామగారు. "గొప్ప ఉపన్యాసం."

"వియత్నాం దాకా వచ్చేసరికి సాయంత్రం బండికి టైమైపోయింది. అప్పుడు ప్రమాణాలు మొదలుపెట్టారు. మీరు చెప్పారు. గడగడా చెప్పారు. తర్వాత నా పేరు పిలిచారు. నేను లేచి నిలబడ్డాను. మైకు దగ్గరకి నడిచాను. అంతలో ఎవరో బండి కూతేసిందన్నారు. నాయకుడుగారు లేచారు. ఆయనతో పాటు అందరూ లేచారు. అప్పుడు అధ్యక్షులవారు మైకులో ఏమన్నారో గుర్తుందా?"

మామగారు టీ కప్పు బల్ల మీద పెట్టేశారు.

"'వధువు ప్రమాణాన్ని చదివినట్టుగా భావించడమైనది,' అన్నారు."

లిఖిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సభల్లో సమయం చాలకపోతే తీర్మానాన్ని అలాగే అంటారు. చదివినట్టుగా భావించడమైనది. ఆ మాట నేను మా మామగారి నోట ఎన్నో మీటింగుల్లో విన్నాను. ఒక పెళ్ళికూతుర్ని కూడా అలాగే భావించేశారని నాకు ఇవాళే తెలిసింది.

"చప్పట్లు కొట్టారు," అన్నారు అత్తగారు. "అందరూ స్టేషనుకి పరిగెత్తారు. మీరూ పరిగెత్తారు, ఆయన్ని బండెక్కించడానికి. దండ మీ మెళ్ళోనే ఉంది. నేను మైకు ముందు నిలబడ్డాను. మైకాయన వైరు చుట్టుకుంటూ వచ్చి, 'కొంచెం పక్కకి జరుగుతావా అమ్మా' అన్నాడు."

"కుసుమా..." మామగారి మొహం తెల్లబడిపోయింది. "నేను వెనక్కొచ్చేసరికి అంతా అయిపోయింది కదా అనుకున్నాను."

"మీరూ భావించారు."

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారు?" అన్నారు అత్తగారు. "ఆ ప్రమాణం ముందురోజంతా బట్టీ పట్టానండి. అన్నం సహించలేదు. మా ఊళ్ళో ఏ ఆడపిల్లా మైకు ముట్టుకోలేదు. నేను మాట్లాడబోతున్నానని మా అమ్మకి చెప్పుకుని మురిసిపోయాను. మీ సిద్ధాంతాన్ని మీకంటే ఎక్కువ నమ్మింది నేను. మీరు పుస్తకాల్లో చదివారు. నేను మీ మాట నమ్మి వచ్చాను. మీ ప్రమాణంలో ఏముందో గుర్తుందా? 'ఇంటి పనిలో సగం నాది, ఉద్యమంలో సగం ఆమెది.' ఏదీ, ఎప్పుడైనా ఒక్క మీటింగుకి రమ్మన్నారా? 'కుసుమా, పదిమందికి టీ' అన్నారు. నేను చెప్పని ప్రమాణాన్ని నేను నిలబెట్టుకున్నాను. మీరు చెప్పింది మైకులోనే ఉండిపోయింది."

మా ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నారు. తల్లి ఇంతసేపు మాట్లాడగా ఆయన వినడం అదే మొదటిసారి. నాకు కళ్ళు మండాయి. వంటింట్లో ఆవిడ పక్కన కూర్చుని ఇన్ని కొబ్బరికాయలు కోరాను. ఒక్కసారీ అడగలేదే!

మామగారు తేరుకున్నారు. తేరుకోవడమే ఆయన చేసిన పొరపాటు. మైకు పెట్టె గబగబా విప్పారు. ఏసుబాబు డాబా మీంచి కిటికీలోకి వదిలిన వైరు తగిలించి బటన్ నొక్కారు. పైన డాబా మీద హారన్ కీచుమంది. మైకు తీసుకొచ్చి అత్తగారి ముందు పట్టుకున్నారు.

"సరే. తప్పు జరిగింది. నాదే, ఒప్పుకుంటున్నాను. సరిదిద్దుకుందాం. ఇప్పుడు చెప్పు కుసుమా. రెండు నిమిషాల పని. ఇదిగో, సాక్షులు కూడా ఉన్నారు."

అత్తగారు మైకు అందుకున్నారు.

"ఇప్పుడా?"

ఆ మాట డాబా మీద నుంచి వీధి వీధంతా వినపడింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. అడిగితే కళ్ళు మూసుకుని ఔనన్నదాన్ని. ఇప్పుడు మీరెవరో నాకు తెలుసు. ఆలోచించుకుని చెప్తాను. ఔనంటానేమో. కాదంటానేమో."

"నాన్నమ్మా!" లిఖిత వెళ్ళి ఆవిణ్ణి కావలించుకుంది. "ఇంక వెతుక్కోవక్కర్లేదు. నా పెళ్ళికి అధ్యక్షురాలివి నువ్వే."

"ఎమ్మెల్యేగారు..." అన్నారు మా ఆయన.

"ఆయన భోజనానికి వస్తారు నాన్నా. ముందు వరసలో కూర్చుని వింటారు."

అత్తగారు మనవరాలి తల నిమిరారు. "ఉంటాను. కానీ ముందు నా ప్రమాణం. ఆ తర్వాతే నీది."

"నువ్వు చెప్పాకే నేను చెప్తాను. నువ్వు చెప్పకపోతే నేనూ చెప్పను."

ఇదేం మెలిక దేవుడా! దేవుణ్ణి తలుచుకోవడం ఈ ఇంట్లో నిషేధం. అయినా తలుచుకున్నాను.

"ఒకవేళ అమ్మగారు కాదంటేనో?" అన్నారు మాష్టారు మెల్లిగా. శశాంక్ లేచి వచ్చి లిఖిత పక్కన నిలబడ్డాడు. "నాన్నమ్మగారూ, మీరేమన్నా సరేనండి. అడగడం మాత్రం సరిగ్గా జరగాలి," అన్నాడు. గొంతు చిన్నదే. కానీ మైకు దగ్గరగా ఉంది కదా, వీధిలోకి వెళ్ళింది.

నా ఫోను మోగింది. ప్రెస్సు మధుబాబు. "అక్కా, మిషనెక్కించేస్తున్నాను. అధ్యక్షులెవరు?"

"కుసుమకుమారి," అన్నాను. నాకే ఆశ్చర్యమేసింది, అంత గట్టిగా అన్నందుకు.

"పిన్నిగారా! సరే సరే. శ్రీమతి కుసుమకుమారి అని వేసేస్తాను."

అత్తగారు విన్నారు. "బిందూ, ప్రస్తుతానికి శ్రీమతి వద్దని చెప్పు."

చెప్పాను. అవతల మధుబాబు రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు.

*

అత్తగారు గదిలోకెళ్ళి సంచీ సర్దుకోవడం చూశాక గాని ఆవిడ మనసులో ఏముందో నాకు తట్టలేదు. రెండు చీరలు, కళ్ళజోడు, బీపీ మాత్రలు.

"ఎక్కడికి అత్తయ్యా?"

"రేపల్లె. మా అన్నయ్య ఇంటికి. సాయంత్రం బండి ఉందిగా?"

"ఇప్పుడా? గురువారం పెళ్ళి పెట్టుకుని?"

"మీ మామగారే తేల్చారుగా, పెళ్ళి అవలేదని. పెళ్ళికాని ఆడదాన్ని, పరాయి మగాడింట్లో ఎలా ఉండను బిందూ?" అంటూ నవ్వారు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది. "అక్కణ్ణించే కదా ఆగిపోయింది. అక్కడే కూర్చుని ఆలోచించుకుంటాను. గురువారం వస్తాలే. అధ్యక్షురాలిని, రాకపోతే ఎలా?"

"వచ్చి ఏం చెప్తారు?"

"తెలిస్తే వెళ్ళడం ఎందుకు?"

లిఖిత ఆవిడ సంచీ అందుకుంది. "నేనూ వస్తున్నా నాన్నమ్మా," అని చెప్పులేసుకుంది. ఏసుబాబు డాబా దిగొచ్చి ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళి ఆటో పిలుచుకొచ్చాడు. పెళ్ళికూతురూ, అధ్యక్షురాలూ ఒకే ఆటోలో వెళ్ళిపోతుంటే వియ్యాలవారి ముందు నేనేం చెయ్యను? బాలాత్రిపురసుందరిగారు నా చెయ్యి పట్టుకున్నారు. పట్టుకుని, "వెళ్ళనివ్వండి వదినగారూ. నన్ను కూడా ఎవరూ అడగలేదు," అన్నారు నా ఒక్కదానికే వినపడేట్టు.

మామగారు హాలు మధ్యలో నిలబడిపోయారు. అత్తగారు దివాన్ మీద పెట్టి వెళ్ళిన మైకు మళ్ళీ ఆయన చేతిలోకి వచ్చింది. ఎన్నో పెళ్ళిళ్ళలో గంటలు గంటలు మాట్లాడిన మనిషికి నోట మాట రావట్లేదు. పెదాలు కదులుతున్నాయి. చివరికి వచ్చింది.

"కుసుమా. వెళ్ళొద్దు."

మైకు ఆపలేదని ఆయనకి గుర్తులేదు. ఆ రెండు మాటలు హారన్లోంచి మా వీధి దాటి బజారు దాకా వెళ్ళాయి. ఇంకో మాట కూడా వచ్చింది, బొంగురుగా. "ఈ ఇంట్లో నువ్వు లేకపోతే నాకు ఎలా?"

గేటు దగ్గర అత్తగారు ఆగారు. ఆగారు, నిజం. వెనక్కి తిరిగి డాబా మీది హారన్ వంక చూశారు, ఆయన అందులోనే ఉన్నట్టు.

"ఏముందండీ," అన్నారు. "ఉన్నట్టుగా భావించండి."

అనేసి ఆటో ఎక్కారు.